చలికాలంలో మన పడవను సముద్రంలో పరీక్షించే ముందు

పెడల్ పడవో, తెడ్లతో నడిచే కయాకో సొంతంగా తయారు చేసుకున్నవాళ్లకు విశాఖ తీరంలో చలికాలం వచ్చిందంటే చేతులు ఊరుకోవు. ఎండ బాధ ఉండదు, పొద్దున్నే సముద్రం అద్దంలా కనిపిస్తుంది. నాకు భయం ఆ అద్దాన్ని చూస్తేనే. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లను నున్నగా ఉంచేదీ, పడవను లోపలికి తోసుకుపోయేదీ ఆ గాలే. వెళ్లేటప్పుడు అదంతా మన బలమే అనుకుంటాం. వెనక్కి తిరిగాక అసలు సంగతి తెలుస్తుంది.

ఇంజను లేని పడవకు మన ఒళ్లే ఇంజను. గంటకు 5 కిలోమీటర్లు పోగలిగినవాళ్లకు 2 కిలోమీటర్ల దూరం 24 నిమిషాలు. గంటకు 2 కిలోమీటర్ల ప్రవాహం ఎదురైతే అదే దూరం 40 నిమిషాలు, అదీ అలసిపోయిన ఒంటితో. అందుకే మొదట ఎదురు వెళ్లాలి, తిరుగు ప్రయాణానికి సాయం మిగుల్చుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరం వెంట ప్రవాహం ఎక్కువగా ఈశాన్యం నుంచి నైరుతికి, అంటే భీమిలి వైపు నుంచి విశాఖ వైపుకు ఉంటుంది. ఆ నెలల్లో రుషికొండ దగ్గర దిగితే ముందు భీమిలి దిక్కుగా, ఒడ్డు కనిపించేంత దగ్గరలోనే పోవడం మంచిది. ఫిబ్రవరి నాటికి ప్రవాహం తిరగబడుతుంది కాబట్టి ఏ రోజు పరిస్థితి ఆ రోజు చూసుకోవాల్సిందే.

డిసెంబరు వచ్చింది కదా, తుఫాన్లు అయిపోయాయి అనుకోకండి. మిచాంగ్ 2023లో డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలలు, గాలి, ప్రవాహాల అంచనా ఇస్తుంది. ముందు రోజు రాత్రి ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి చూడండి. అందులో అలల ఎత్తు అని ఇచ్చేది మొత్తం అలల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతు అలల సగటు మాత్రమే. 1 మీటరు అని ఉంటే దాదాపు 2 మీటర్ల అల కూడా మధ్యలో రావచ్చు. నేనైతే కొత్త పడవతో 1 మీటరు దాటితే దిగను.

ఇక పడవ సంగతి. సముద్రానికి ముందే నడుం లోతు నిలకడ నీటిలో దాన్ని కావాలనే తిరగెయ్యండి. నీళ్లు నింపి చూడండి. నిండినా సమంగా తేలుతోందా? మీరొక్కరే దాన్ని సరిచేసి ఎక్కగలుగుతున్నారా? ఒకసారి కాదు, అలసిపోయేదాకా చేయండి. నా పడవ వెనుక గది మూత చెరువులో చుక్క నీరు రానివ్వలేదు. అలలు దాని మీద పడ్డాక అరగంటలో లోపల బకెట్టు నీళ్లు చేరాయి. అప్పటి నుంచి మూతల మీద బకెట్లతో నీళ్లు కొట్టి మరీ చూస్తున్నాను, గదిలో గాలి నింపిన సంచులు కూడా కుక్కుతున్నాను. పెడల్ పడవ అయితే ప్రొపెల్లర్‌కు వలతాడు చుట్టుకోవడం ఖాయం అనుకుని, చేతికందేలా కత్తి, ఒక తెడ్డు కట్టి ఉంచండి. ఉప్పునీరు తాకిన బోల్టులన్నీ వచ్చిన రోజే మంచినీళ్లతో కడగాలి.

నీళ్లు మరీ చల్లగా ఉండవన్నది నిజమే, జనవరిలోనూ సుమారు 25 డిగ్రీలు. అయినా తడిబట్టలతో గాలిలో రెండు గంటలుంటే వేళ్లు చెప్పిన మాట వినవు. లైఫ్ జాకెట్ పక్కన పెట్టుకోవడం కాదు, వేసుకోవాలి. దానికే విజిల్ కట్టాలి. ఫోను నీరు చొరని సంచిలో మెడకు ఉండాలి. శాటిలైట్ ఫోన్లు అనుమతి లేకుండా మన దేశంలో వాడకూడదు, విదేశాల నుంచి తెప్పించుకుని చిక్కుల్లో పడకండి.

ఒడ్డుకొచ్చేటప్పుడు దిగి నడిస్తే పడవకూ ఒడ్డుకూ మధ్య నిలబడొద్దు. నీళ్లు నిండిన పడవను కెరటం విసిరితే కాలు విరుగుతుంది.

దిగే చోట జాలరులతో మాట్లాడండి, ఆ పూట వాళ్లు తెప్ప దించకపోతే మీరూ దించకండి. నవంబరు నెలాఖరులో సాయంత్రం ఐదున్నరలోపే పొద్దు గుంకుతుంది, మధ్యాహ్నానికే పరీక్ష ముగించండి. ఒడ్డున ఒక మనిషిని పెట్టి, తిరిగి వచ్చే వేళ కాగితం మీద రాసివ్వండి. ఆ వేళ దాటాక పావుగంటకు కోస్ట్ గార్డ్ నంబరు 1554కు ఫోన్ చేయాలి. "ఇంకాసేపు చూద్దాంలే" అనే మనిషికి మాత్రం ఈ పని అప్పగించకండి.