పర్లాకిమిడి పొగబండిని తెరమీదికి తేవాలంటే

పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల నేపథ్యంలో కథ రాసుకుని, అందులో బొగ్గు ఇంజిన్ లాగే చిన్నరైలు కనబడాలని ఆశపడే యువ దర్శకులు అప్పుడప్పుడూ మా ఊరికి వస్తుంటారు. ఆ రైలు ఎక్కడుందని వారు అడిగే మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పడం మాకు కష్టంగానే ఉంటుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల గేజి (రెండు పట్టాల మధ్య వెడల్పు) లైను 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి వరకు మొదలై, 1931 నాటికి గుణుపురం చేరుకుని, దాదాపు 90 కిలోమీటర్ల దూరం టెక్కలి, పాతపట్నం, కాశీనగర్‌ల మీదుగా ఒక శతాబ్దం పాటు జనాన్ని మోసింది. 2004లో దానిని ఆపివేసి, బ్రాడ్‌గేజిగా మార్చి, 2011లో గుణుపురం వరకు మళ్లీ రైలు నడిపారు. కాబట్టి ఈ లైను మీద ఆవిరి రైలును చిత్రీకరించాలనుకునేవారు చోటును, ఇంజిన్‌ను వేరుచేసి ఆలోచించడం మొదట నేర్చుకోవాలి. వంశధార ఒడ్డు, పొలాల వెనుక కనబడే మహేంద్రగిరి కొండల వరస, తెలుగు ఒడియా కలగలిపి మాట్లాడుకునే జనం ఇక్కడే దొరుకుతారు. నిప్పు రాజుకున్న ఇంజిన్ మాత్రం అది ఇంకా బతికి ఉన్న చోటనే దొరుకుతుంది.

ఏ ఇంజిన్‌ను ఎంచుకోవాలన్నది గేజిని బట్టి తేల్చుకోవాలి. మా లైను వెడల్పు 762 మిల్లీమీటర్లు. సరిగ్గా అదే వెడల్పు ఉండి, ఆవిరి ఇంజిన్ ఇంకా పనిచేస్తున్న మార్గం కాల్కా–సిమ్లా. అక్కడ 1905 నాటి కేసీ 520 అనే బొగ్గు ఇంజిన్‌ను ప్రత్యేకంగా మాట్లాడుకుని సిమ్లా, కైథలీఘాట్ స్టేషన్ల మధ్య నడిపించుకోవచ్చు. అయితే వెనుక దేవదారు చెట్లు, మంచు గాలి ఉంటాయి గనుక దగ్గరి షాట్లకే అది పనికివస్తుంది. డార్జిలింగ్ లైను మరీ సన్నం, 610 మిల్లీమీటర్లే. బజారు మధ్యనుంచి, దుకాణాలను ఆనుకుని వెళ్లే రైలు కావాలంటే దానికి మించినది లేదు గాని, ఆ దృశ్యం మన వైపుది కాదని చూసినవారు వెంటనే గుర్తుపడతారు.

చాలామంది చివరికి తమిళనాడులోని నీలగిరి కొండరైలు దగ్గరికే వెళతారు. 1998లో ఒక హిందీ పాట ఆ రైలు పైకప్పు మీద చిత్రీకరించినప్పటి నుంచి ఆ లైను తెలియని సినిమావారు లేరు. అక్కడ మూడు సంగతులు గమనించాలి. గేజి మీటరు వెడల్పు ఉంటుంది. నిట్టనిలువు ఎక్కుడు గల భాగంలో పట్టాల మధ్య, ఇంజిన్ పళ్లచక్రం పట్టుకుని ఎక్కే పళ్ల కడ్డీ ఉంటుంది. పైకి వెళ్లేటప్పుడు ఇంజిన్ ముందుండి లాగదు, వెనకనుంచి నెడుతుంది. ముందు పొగ, వెనుక పెట్టెలు ఉన్నట్టు కథ రాసుకుని వెళ్లిన ఒక బృందంతో నేనూ ఉన్నాను. మొదటి రోజు సగం ఈ నెట్టుడు సంగతి అర్థం చేసుకోవడానికే పోయింది. అది ముందే చెప్పవలసిన బాధ్యత నాది. మేట్టుపాళయం నుంచి కల్లార్ వరకు ఉన్న ఏడెనిమిది కిలోమీటర్ల చదును నేలను ఎంచుకుంటే ఈ ఇబ్బందిలో చాలావరకు తప్పించుకోవచ్చు. పళ్ల కడ్డీ కల్లార్ దగ్గరే మొదలవుతుంది. అంతకు ముందు పోకతోటలు, కొబ్బరిచెట్లు ఉండి, తక్కువ ఎత్తులో కెమెరా పెడితే మన మైదానానికి దగ్గరగా కనబడుతుంది. కూనూరు దాటిన తరువాత సాధారణంగా డీజిల్ ఇంజిన్ లాగుతుంది కనుక అటువైపు ఆవిరి కోసం వెళ్లనవసరం లేదు. కదిలే రైలు అక్కర్లేని దగ్గరి షాట్లకు, అంటే ఇత్తడి పిడి మీద చెయ్యి, బాయిలరు మీది రివెట్లు, చక్రపు కమ్మీ వంటి వాటికి, నాగపూర్ మోతీబాగ్‌లోని నారోగేజి మ్యూజియం వెతుక్కోదగిన చోటు.

షెడ్యూలు విషయానికి వస్తే, అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఆవిరి ఇంజిన్ తాళం తిప్పితే కదిలేది కాదు. చల్లారిన ఇంజిన్‌లో నిప్పు వేసి, నీళ్లు వేడెక్కి, చాలినంత ఒత్తిడి రావడానికి చిన్నదానికైనా గంటలు పడుతుంది; ఉదయం ఆరింటికి షాట్ కావాలంటే షెడ్డు సిబ్బంది నడిరాత్రి నుంచే పనిలో ఉండాలి. వారి భోజనం, నిద్ర, అదనపు వేతనం ఖర్చులో ముందే చేర్చాలి. ఒక టేక్ బాగా రాలేదని మళ్లీ చేయాలంటే రైలు మొత్తం వెనక్కి వెళ్లి, ఒత్తిడి మళ్లీ పుంజుకుని, మధ్యలో నీళ్లు పట్టుకుని రావాలి. అందుచేత నటీనటుల సంభాషణలు ఆగి ఉన్న రైలు దగ్గర ముందే పూర్తిచేసుకుని, కదిలే షాట్లను వీలైనంత తక్కువ టేకులలో రెండు మూడు కెమెరాలతో ఒకేసారి తీయడం మంచిది.

పొగ, ఆవిరి ఒకటి కావని దర్శకుడు, ఛాయాగ్రాహకుడు ఇద్దరూ తెలుసుకుని ఉండాలి. తెల్లగా కనబడేది ఆవిరి చల్లబడి ఏర్పడే సన్నని నీటి బిందువుల మేఘం. చల్లని, తేమగల తెల్లవారుజామున అది దట్టంగా నిలుస్తుంది. ఎండ మండే మధ్యాహ్నం పుట్టీపుట్టక ముందే మాయమవుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఆవిరిమేఘం కావాలని డ్రైవరును ఒత్తిడి చేసి ప్రయోజనం లేదు. సూర్యుడు ఇంజిన్ వెనుక, కెమెరాకు ఎదురుగా ఉన్నప్పుడు ఆవిరి వెలుగుతుంది. వెలుతురు ముందునుంచి పడితే చదునుగా, మాసినట్టు కనబడుతుంది. నల్లపొగ కావాలంటే ఫైర్‌మన్ కొత్త బొగ్గు వేసే క్షణాన్ని షాట్‌తో కలపాలి, ఇది బొగ్గు ఇంజిన్‌కే సాధ్యం; నీలగిరిలో చాలా ఇంజిన్లు నూనెతో నడుస్తాయి. రైలు బయలుదేరేటప్పుడు సిలిండర్ల కింది కవాటాలు తెరిస్తే పట్టాల పక్కన తెల్లని ఆవిరి ఎగజిమ్ముతుంది. ప్లాట్‌ఫారం మీది వీడ్కోలు దృశ్యానికి ఇంతకన్నా మంచిది లేదు. అయితే అది కాల్చేస్తుంది కనుక నటులు ఎంత దూరంలో నిలబడాలో డ్రైవరే నిర్ణయించాలి.

అనుమతుల దగ్గర మా వైపు ఒక చిక్కు ఉంది. ఒకే రైల్వే జోను పరిధిలో చిత్రీకరణ అయితే ఆ జోను ముఖ్య ప్రజాసంబంధాల అధికారి కార్యాలయం చూస్తుంది. ఒకటికి మించిన జోన్లలో అయితే రైల్వే బోర్డుకు వెళ్లాలి. స్టేషన్ దృశ్యాలు ఇక్కడ, ఇంజిన్ దృశ్యాలు దక్షిణ రైల్వేలోని నీలగిరిలో తీయాలనుకున్న మరుక్షణం మీది బోర్డు స్థాయి దరఖాస్తు అవుతుంది. కాబట్టి నెలల ముందే, ఇండియా సినీ హబ్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా కథాసారం, తేదీలు, ప్రదేశాలు, ప్రమాదబీమా, హామీపత్రం సిద్ధం చేసుకుని మొదలుపెట్టాలి. పైగా ఈ లైను రెండు రాష్ట్రాల మీదుగా పోతుంది: టెక్కలి, పాతపట్నం శ్రీకాకుళం జిల్లాలోవి, పర్లాకిమిడి ఒడిశాలోని గజపతి జిల్లాలోది. రెండువైపుల పోలీసులకూ వేరువేరుగా తెలియజేయకపోతే సరిహద్దు దగ్గర వాహనాలు ఆగిపోతాయి. రాయగడ కేంద్రంగా కొత్త రైల్వే డివిజన్‌ను ప్రకటించినందున, మీరు కోరుకున్న స్టేషన్ దరఖాస్తు వేసే రోజున ఎవరి కింద ఉందో అడిగి నిర్ధారించుకోవాలి.

ఒడిశాలోని బ్రాడ్‌గేజి మార్గాల విద్యుదీకరణ 2023 నాటికి పూర్తయింది. అంటే ఇప్పటి స్టేషన్‌లో కెమెరా ఎటు తిప్పినా స్తంభాలు, తీగెలు కనబడతాయి. వాటిలో 25 వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. పెట్టె పైకప్పు ఎక్కడం, ఇనుప క్రేను ఎత్తడం, పొడవాటి మైకు కర్రలు లేపడం ఇక్కడ పూర్తిగా మానుకోవాలి. అందువల్ల పాతకాలపు స్టేషన్‌ను ఊరి బయట సెట్టుగా వేసుకోవడమే నా సలహా. రెండున్నర అడుగుల వెడల్పుతో కొద్ది మీటర్ల పట్టా, కంకర, పెంకుల వసారా ఉంటే చాలు.

కాలం లెక్క తప్పకూడదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడిగా చేరేనాటికి ఈ ఊరికి రైలే లేదు. ఆయన మొదటి రాకను రైల్లో చూపిస్తే అది తప్పు. 1936 ఏప్రిల్ 1కి ముందు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక బోర్డులు, రశీదులు, పోలీసు దుస్తులు దానికి తగినట్టు ఉండాలి. మరోవైపు, దేశంలో బ్రాడ్‌గేజి ఆవిరి రైళ్లు 1995 వరకు నడిచాయి కాబట్టి 1980ల కథలో బొగ్గు ఇంజిన్ చూపడానికి సంకోచించనవసరం లేదు.

దుస్తుల విషయంలో ఒక్క మాట: నిప్పురవ్వలు పడే చోట సింథటిక్ బట్ట వద్దు, నూలే వాడాలి. ఎండుగడ్డి ఉన్న కాలంలో లైను పక్కన నీళ్ల ట్యాంకరు, మనుషులు ఉండాలి.

శబ్దాన్ని విడిగా, మనుషులెవరూ లేని సమయంలో రికార్డు చేసుకోవాలి. రెండు సిలిండర్ల ఇంజిన్ చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు సార్లు ఊపిరి వదులుతుంది. చిన్న చక్రాల ఇంజిన్ మెల్లగా పోతున్నా ఆ చప్పుళ్లు వెంటవెంటనే వినిపిస్తాయి. నీలగిరి ఇంజిన్‌కు పళ్ల కడ్డీ మీద అదనపు సిలిండర్లు పనిచేస్తాయి కనుక దాని మోత వేరు. పెద్ద బ్రాడ్‌గేజి ఇంజిన్ శబ్దాన్ని చిన్నరైలుకు అతికిస్తే, ఆ లైను పక్కన పెరిగినవారికి మొదటి క్షణంలోనే తెలిసిపోతుంది. ఆ రైల్లో బడికి వెళ్లినవారు, గార్డులుగా, గ్యాంగ్‌మన్‌లుగా పనిచేసినవారు పాతపట్నంలోనూ కాశీనగర్‌లోనూ ఇంకా ఉన్నారు. శబ్దమిశ్రమం పూర్తిచేసే ముందు ఆ భాగాన్ని వారిలో నలుగురికైనా వినిపించి, ఈల మన రైలుదేనా అని అడిగి రావాలి.