తెలుగు వాక్యం – 7వ పాఠం: అనుకోనిది జరిగినప్పుడు ఏ మాట వాడాలి?

గత పాఠంలో కాలాన్ని చెప్పే క్రియావిశేషణాలు చూశాం. ఈసారి వింతను, అనుకోనిదాన్ని చెప్పే మాటలు. కొత్తగా రాసేవాళ్ల చేతిలో త్వరగా అరిగిపోయేవి ఇవే. పేజీకో ‘హఠాత్తుగా’ పడుతుంది, చదివేవాడు మాత్రం ఉలిక్కిపడడు. ఎవరు ఏమనుకుంటూ ఉండగా అది జరిగిందో వాక్యంలో ఉండకపోవడమే కారణం. అందుకని కలం పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరికి అనుకోనిది?

‘రవి అనుకోకుండా వచ్చాడు’ అనే వాక్యం తీసుకుందాం. ‘-కుండా’ రూపానికి మామూలుగా ప్రధాన క్రియ కర్తే కర్త. ఆ లెక్కన రావాలని అనుకోనిది రవి. రాసినవారి ఉద్దేశం మాత్రం చాలాసార్లు ‘అతను వస్తాడని మేం అనుకోలేదు’ అని. వాడుకలో రెండర్థాలూ చెల్లుతున్నాయి. మాట్లాడేటప్పుడు సందర్భం ఆదుకుంటుంది, రాతలో ఆ ఆసరా ఉండదు. మీ ఉద్దేశం రెండోదైతే ‘మేం అనుకోని వేళ రవి వచ్చాడు’ అనండి. మొదటిదైతే ‘ఇటు రావాలనుకోలేదు గానీ వచ్చేశాడు’ అంటే సరి. ‘అనుకోకుండా చెయ్యి తగిలింది’ లాంటి చోట పేచీ లేదు, అక్కడ అర్థం ‘కావాలని కాదు’ అనే.

‘ఆశ్చర్యంగా’, ‘ఆశ్చర్యకరంగా’ మధ్య తేడా కూడా ఇలాంటిదే. ‘ఆశ్చర్యంగా చూశాడు’ అంటే ఆశ్చర్యం చూసినవాడిది. ‘ఆశ్చర్యకరంగా కోలుకున్నాడు’ అంటే కోలుకున్నది అతను, ఆశ్చర్యం మనది.

‘ఉన్నట్టుండి’ని విడదీసి చూడండి: ఉన్నట్టు, ఉండి. అప్పటిదాకా ఒక స్థితి అలాగే సాగుతూ ఉండాలి, అప్పుడే ఈ మాటకు పని. ‘ఉన్నట్టుండి ఫ్యాను ఆగింది’ అని మొదలుపెడితే బలం లేదు. ‘గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడడం లేదు. ఉన్నట్టుండి అదీ ఆగింది.’ ముందు వాక్యం నిశ్శబ్దాన్ని పరిచింది, రెండోది దాన్ని కదిపింది. ‘ఫ్యాను’ బదులు ‘అదీ’ అనడం వల్ల ఉన్న ఒక్క చప్పుడూ పోయిందన్నది తెలుస్తుంది.

‘హఠాత్తుగా’, ‘అకస్మాత్తుగా’ సంస్కృతం నుంచి వచ్చాయి. హఠాత్ అంటే బలవంతాన, అకస్మాత్ అంటే ఎందువల్లనో తెలియకుండా. ఈ రోజు రెండూ ఒకదాని బదులు ఒకటి వాడుతున్నాం, తప్పేమీ కాదు. అయినా కారణం అంతుపట్టని చోట ‘అకస్మాత్తుగా’ బాగా కుదురుతుంది. రెండింటికీ ఒక షరతు ఉంది: క్రియ ఒక్క క్షణంలో జరిగేదై ఉండాలి. ‘హఠాత్తుగా ఏడుస్తూ ఉంది’ కుదరదు, ‘హఠాత్తుగా ఏడవడం మొదలుపెట్టింది’ కుదురుతుంది. ‘యాదృచ్ఛికంగా’ వేరు. అది కాకతాళీయానికే, వేగానికి కాదు. రాసేటప్పుడు చకారం కింద ఛ వత్తు మరవకండి.

ధ్వనిని పట్టుకున్న మాటలు తెలుగు సొత్తు, వాటిని ఎంత వాడితే అంత మంచిది. అయితే ప్రతిదానికీ తన క్రియ ఉంటుంది. దిగ్గున లేస్తారు, గుప్పున వాసన వస్తుంది, భళ్లున గాజు పగులుతుంది, ఠక్కున జవాబు చెబుతారు. క్రియ మార్చి ‘గుప్పున లేచాడు’ అంటే చెవికే తప్పని తెలుస్తుంది. వీటి పక్కన ‘హఠాత్తుగా’ చేర్చకండి. ‘హఠాత్తుగా దిగ్గున లేచాడు’లో ఒకే పని రెండుసార్లు చేయించినట్టే.

ఇప్పుడు అసలు చిక్కు. ‘విచిత్రంగా, అతను నవ్వాడు.’ కామా పెట్టినా, మాట ముందుకు జరిపినా, తెలుగు చెవి దీన్ని ‘విచిత్రమైన నవ్వు నవ్వాడు’ అనే వింటుంది. ‘-గా’ చేరిన ఇలాంటి మాట క్రియను వెతుక్కుంటూ పోయి దానికే అంటుకుంటుంది. నవ్విన తీరు కాదు, నవ్వడమే విచిత్రం అని చెప్పాలంటే వాక్యాన్నే మార్చాలి: ‘విచిత్రమేమిటంటే అతను నవ్వాడు’ లేదా ‘అతను నవ్వడమే విచిత్రం’. ఇంకా సహజంగా ‘ఎప్పుడూ లేనిది, నవ్వాడు’. ‘ఎప్పుడూ లేనిది’ అన్న మాటలోనే అతనెలాంటివాడో కూడా వచ్చేసింది. వార్తల్లో, వ్యాసాల్లో ఇలాంటి మాటలు తక్కువ కనిపిస్తున్నాయి. వాటిని రాతలోకి తెచ్చుకోవాలి.

అలాంటివే ఇంకో రెండు. ‘తీరా’కు ముందు ప్రయత్నం ఉండాలి, తర్వాత అది బెడిసికొట్టాలి: ‘పరుగున స్టేషన్‌కి వెళ్లాం. తీరా వెళ్లేసరికి రైలు కదిలిపోయింది.’ ‘ఏకంగా’ కొలతకు సంబంధించినది: ‘పది నిమిషాలన్నవాడు ఏకంగా మూడు గంటలు మాట్లాడాడు.’ ఆ ‘పది నిమిషాలు’ తీసేస్తే ‘ఏకంగా’ ఆనుకోవడానికి ఏమీ మిగలదు.

అభ్యాసం: ఈ మూడు వాక్యాలు సరిచేయండి. అవసరమైతే ముందు ఇంకో వాక్యం చేర్చుకోవచ్చు.

1. హఠాత్తుగా వాన పడుతూ ఉంది.
2. వింతగా, తలుపు తాళం వేసి లేదు.
3. తీరా అతను వచ్చాడు.

మూడోదానికి ఒక వాక్యం సరిపోదు. జవాబులు 8వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో ‘అంతలో’, ‘ఇంతలో’, ‘అంతలోనే’ చూద్దాం.