తుపాన్ల కాలంలో వేటకెళ్లే మరబోటు సరంగులు చూసుకోవాల్సినవి

బోటు ఎప్పుడు వెనక్కి తిప్పాలో తేల్చాల్సింది బోటు నడిపే సరంగే. బోటులో పనిచేసే కళాసీల ప్రాణాలు ఆ ఒక్క మాట మీద ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఆ మాట ఆలస్యం కాకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాయి.

ముందు దూరం లెక్క వేసుకోండి. ఏడు నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 13 కిలోమీటర్లు నడిచే బోటు తీరానికి 120 కిలోమీటర్ల దూరంలో ఉంటే, సముద్రం నెమ్మదిగా ఉన్నా తొమ్మిది గంటల పైనే పడుతుంది. ఎదురుగాలిలో వేగం సగానికి పడిపోతే రెట్టింపు సమయం. వాయుగుండం తుపానుగా మారిందన్న కబురు వచ్చేదాకా ఆగొద్దు. వాయుగుండంలోనే గాలి గంటకు 50 కిలోమీటర్ల దాకా వీస్తుంది. వాయుగుండం కబురు అందగానే వల ఎత్తేయండి. ‘ఇంకొక్క వల లాగి పోదాం’ అనే మాటకు ఆ పూట చోటివ్వకండి.

డీజిలు, ఐసు ఖర్చు రాలేదని ఓనరు బాధపడతాడు. ఆ బాధ నిజమే. అందుకే జెట్టీలో ఉండగానే, కళాసీల ఎదురుగా, వాయుగుండం కబురొస్తే బోటు తిప్పేస్తానని ఆయనకు చెప్పేయండి. బోటులో ఎవరెవరు ఉన్నారో పేర్లు, ఇంటి ఫోన్ నంబర్లు రాసి ఒడ్డున ఇచ్చి వెళ్లండి.

ఇంజను విషయంలో చాలామంది పట్టించుకోనిది డీజిలు ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి. మామూలు రోజుల్లో అది కదలదు. బోటు ఎగిరెగిరి పడుతుంటే పైకి లేచి ఫిల్టరుకు అడ్డం పడుతుంది, ఇంజను సరిగ్గా అవసరమైనప్పుడు ఆగిపోతుంది. బయల్దేరే ముందే ట్యాంకు కడిగించి, విడి ఫిల్టర్లు రెండు మూడు దగ్గర పెట్టుకోండి. ఇంజను ఆగితే బోటు అలకు అడ్డం తిరగకుండా ముందు భాగం నుంచి పొడవాటి తాడుకు వల మూట కట్టి వదలాలి.

లైఫ్ జాకెట్లు క్యాబిన్‌లో మంచినీళ్ల డబ్బాల కింద కట్టగా పడి ఉంటే ఉన్నా లేనట్టే. గాలి పెరగక ముందే అందరిచేతా తొడిగించండి. చేపల గది మూత బిగించండి, డెక్ మీద నీళ్లు బయటికి పోయే కంతలకు వల ముక్కలు అడ్డం లేకుండా చూడండి.

దూరం వెళ్లాక సెల్‌ఫోన్ పనిచేయదు. వీహెచ్ఎఫ్ రేడియోలో ఆపద పిలుపులకు వాడే 16వ ఛానల్ ఎప్పుడూ వింటూ ఉండాలి. ఆపదలో ఉన్నామని తెలిపే డిస్ట్రెస్ బటన్ ఎలా నొక్కాలో మీతోపాటు ఇంకో ఇద్దరికైనా నేర్పండి, సరంగే నీళ్లలో పడిపోవచ్చు కదా. ఒడ్డున ఉన్నవాళ్లకు కోస్ట్‌గార్డ్ నంబరు 1554 చెప్పి ఉంచండి.

నది మొగలోంచి రావాల్సి వస్తే ఇసుక మేటల మీద అల విరుగుతుంది. పోటు వచ్చేదాకా ఆగి లోపలికి తీసుకోండి. అల మరీ పెద్దదిగా ఉంటే డీజిలు చూసుకుని పెద్ద హార్బరుకే పోవడం మేలు.

జెట్టీకి చేరాక కూడా ప్రమాదం ఉంది. హుద్‌హుద్‌లో హార్బరులో కట్టిన బోట్లే ఒకదాన్నొకటి గుద్దుకుని దెబ్బతిన్నాయి. మధ్యలో టైర్లు వేలాడదీసి, తాళ్లు రెండేసి కట్టి, నీరు పెరిగితే బోటు పైకి లేచేంత వదులివ్వండి. కాపలా పేరుతో ఆ రాత్రి ఎవరినీ బోటులో పడుకోనివ్వకండి.