షాంఘై నుంచి సుజౌకి రైల్లో ఒక్కరోజు గైడ్ టూర్: ఎక్కడ చెడుతుంది, ఏం చేయాలి

షాంఘై నుంచి సుజౌ వంద కిలోమీటర్ల లోపే, స్పీడు రైలెక్కితే అరగంట ప్రయాణం. ఉద్యోగం పని మీద షాంఘైలో ఉన్న మనవాళ్లు, వాళ్లను చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు ఒక ఆదివారం గైడ్‌ని మాట్లాడుకుని పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేసే ఊరు. అక్కడి తోటలు, కాలవలు చూడటంలో కష్టమేమీ లేదు. తలనొప్పంతా టికెట్టు, పాస్‌పోర్టు, టైము దగ్గరే. గైడ్ ఉన్నాడు కదా, అన్నీ ఆయనే చూసుకుంటాడులే అని వదిలేస్తారు చాలామంది. కానీ ఇక్కడ రైలు టికెట్టు మనిషి పేరు మీద, పాస్‌పోర్టు నంబర్ మీద ఇస్తారు, గైడ్ తన పేరు మీద పది టికెట్లు కొని పంచడం కుదరదు. అందుకే ఎక్కడెక్కడ తేడా కొడుతుందో ముందే తెలుసుకుని వెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

సమస్య: టికెట్టు బుక్ అవ్వట్లేదు, పేరు సరిపోవట్లేదు అంటోంది

ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. ఇంకొందరికి ఇంటిపేరు, తర్వాత వెంకట, సత్య, నాగ, ఆ తర్వాత అసలు పేరు, అన్నీ కలిపి రైలంత పొడుగు. ఏజెన్సీ అమ్మాయి దాన్ని ఫోన్‌లో చూసి టైప్ చేసేటప్పుడు ఒక ముక్క ఎగిరిపోతుంది, లేదా ముందుది వెనక్కి పోతుంది.

ఏం చేయాలంటే, పేరు టైప్ చేసి పంపొద్దు. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీని, కింద బాణాల్లాంటి గుర్తులున్న ఆ రెండు లైన్లతో సహా స్పష్టంగా ఫొటో తీసి పంపండి, ఆ లైన్లలో ఉన్నట్టే కొట్టమనండి. సొంతంగా కొనేవాళ్లు రైల్వే వాళ్ల 12306 యాప్‌లో కొనొచ్చు, దానికి ఇంగ్లిష్ వెర్షన్ ఉంది. కాకపోతే పాస్‌పోర్టు వెరిఫై అవ్వడానికి టైము పట్టొచ్చు, ప్రయాణం ముందు రోజు రాత్రి కూర్చుని మొదలుపెట్టే పని కాదు.

ఇంకో మాట. టికెట్ల అమ్మకం 15 రోజుల ముందే మొదలవుతుంది. నెల ముందు డబ్బు కట్టగానే 'రైలు కన్ఫర్మ్' అని మెసేజ్ వచ్చిందంటే వాళ్లు ఇంకా టికెట్టు కొనలేదు, రిక్వెస్ట్ రాసుకున్నారంతే. అమ్మకం మొదలైన రోజు రైలు నంబర్, పెట్టె, సీటు అడిగి తీసుకోండి.

సమస్య: గేటు దగ్గర పాస్‌పోర్టు పెడితే తెరుచుకోవట్లేదు

కాగితం టికెట్టు ఉండదు, పాస్‌పోర్టే టికెట్టు. చైనావాళ్లు తమ గుర్తింపు కార్డు తాకించి టకటకా వెళ్లిపోతుంటారు, వాళ్ల వెనకే లైన్లో నిలబడి మనం పాస్‌పోర్టు పెడితే చాలా గేట్లకు అది చదవడం రాదు. ఆ వరుసలోనే చివర ఒక మనిషి నిలబడి ఉండే గేటు ఉంటుంది. మొదటే అక్కడికి వెళ్లండి, పాస్‌పోర్టు తీసుకుని చేతి మిషన్‌లో చూసి పంపేస్తారు.

అక్కడా రాలేదంటే నంబర్ తప్పుపడి ఉండాలి. ఎక్కువసార్లు కారణం ఒకటే: పాస్‌పోర్టు రెన్యువల్ అయింది, యాప్‌లోనో ఏజెన్సీ దగ్గరో పాత నంబర్ అలాగే ఉండిపోయింది. పాత పుస్తకంలో వీసా ఉంది కదా అని ఆ నంబర్ ఇచ్చినవాళ్లూ ఉన్నారు. పాత పుస్తకం చేతిలో ఉంటే రెండూ కౌంటర్‌లో చూపించి అడగండి. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ టికెట్టు రద్దు చేసి కొత్తది కొనడమే. రద్దుకి 8 రోజులు, ఆ పైన గడువుంటే ఏమీ కోయరు, ఆ తర్వాత 48 గంటల ముందు దాకా 5 శాతం, 24 గంటల ముందు దాకా 10, అదీ దాటితే 20. టికెట్టే 40 యువాన్ల చుట్టుపక్కల కాబట్టి నష్టం పెద్దదేం కాదు. పోయేది టైమే.

పాస్‌పోర్టు జెరాక్సు, ఫోన్‌లో ఫొటో పనికిరావు. హోటల్ గదిలో వదిలేసి వస్తే వెనక్కి వెళ్లాల్సిందే.

సమస్య: దిగాం, కానీ ఇది మనం రావాల్సిన స్టేషన్ కాదు

దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలి, రోజు మొత్తం పోయేది ఇక్కడే.

సుజౌ పేరుతో స్టేషన్లు చాలా ఉన్నాయి. ఉత్త 'సుజౌ' అని ఉన్నది పాత ఊరి ఉత్తరపు అంచున ఉంటుంది, దిగితే తోటలు రెండు మూడు కిలోమీటర్లే, మెట్రో 2, 4 లైన్లు అక్కడే. 'సుజౌ నార్త్' అని ఉన్నది ఊరికి బాగా దూరం, అక్కడి నుంచి మెట్రో 2లో చాలాసేపు రావాలి. 'సుజౌ సౌత్' 2024 చివర్లో కొత్త లైను మీద తెరిచారు, అది ఇంకా దూరం, తోటల టూర్‌కి దానితో పనే లేదు. ఇక 'సుజౌ ఈస్ట్' అసలు ఈ సుజౌదే కాదు! అన్‌హుయ్ రాష్ట్రంలో ఇంగ్లిష్‌లో రాస్తే ఇదే స్పెల్లింగు వచ్చే ఇంకో ఊరుంది, ఆ స్టేషన్ దానిది, షాంఘై నుంచి ఐదు వందల కిలోమీటర్లకు పైనే. మనది జ్యాంగ్సు రాష్ట్రంలోది. యాప్‌లో ఇంగ్లిష్‌లో వెతికితే రెండూ ఒకే లిస్టులో పక్కపక్కనే కనిపిస్తాయి. పట్టుకోవడం తేలికే, సెకండ్ క్లాస్ ధర వందల్లో చూపించినా, స్పీడు రైల్లో ప్రయాణం గంట దాటినా ఊరు మారిపోయిందని అర్థం.

బయలుదేరే వైపూ ఇదే గొడవ. షాంఘై స్టేషన్ వేరు, షాంఘై హోంగ్‌చ్యావ్ వేరు. ఒకదాని నుంచి ఇంకోదానికి మెట్రోలో ముప్పావు గంట. గైడ్ 'స్టేషన్‌లో కలుద్దాం' అంటే ఏ స్టేషన్ అని అడగకుండా ఫోన్ పెట్టేయకండి.

నార్త్‌లో దిగేశారనుకోండి, కంగారు పడొద్దు. గైడ్‌కి చెప్పి మెట్రో 2 ఎక్కేయండి, టాక్సీ బేరాలకి దిగొద్దు.

సమస్య: కళ్ల ముందే గేటు మూసేశారు

మన స్టేషన్లలోలాగా కదులుతున్న రైలెక్కే అలవాటు ఇక్కడ చెల్లదు. సాధారణంగా 15 నిమిషాల ముందు గేట్లు తెరిచి, 3 నిమిషాల ముందు మూసేస్తారు, కొన్నిచోట్ల ఇంకా ముందే. హోంగ్‌చ్యావ్‌లో ఎయిర్‌పోర్టంత హాలు, బయట బ్యాగుల స్కానింగ్, లోపల జనం. పండ్లు కోసుకునే చాకు ఉంటే తీసేస్తారు, స్ప్రే డబ్బాలుంటే ఆపి చూస్తారు. గంట ముందు స్టేషన్ గుమ్మంలో ఉండాలి, పెద్దవాళ్లుంటే ఇంకాస్త ముందే.

పోయిన రైలు గురించి ఏడవక్కర్లేదు. కౌంటర్‌కి వెళ్లి అదే రోజు వెళ్లే ఇంకో రైలుకి మార్చమంటే, సీటుంటే మార్చిస్తారు. ఈ దారిలో పగలంతా రైళ్లు వస్తూనే ఉంటాయి. సీట్లు లేకపోతే 'సీటు లేని టికెట్టు' ఉందేమో చూడండి, నిలబడి వెళ్లాలి, ధర సెకండ్ క్లాసుదే. అరగంటకి ఏమవుతుంది, సికింద్రాబాద్ నుంచి లింగంపల్లి నిలబడి వెళ్లినవాళ్లం.

సమస్య: రైలెక్కాం, మన పెట్టెకి దారి లేదు

16 పెట్టెల రైలు కొన్నిసార్లు రెండు ఎనిమిదేసి పెట్టెల రైళ్లను ముక్కుకి ముక్కు తగిలించి నడిపేది. 8వ పెట్టె నుంచి 9లోకి లోపల దారి ఉండదు. హోంగ్‌చ్యావ్‌లో గేటు నంబర్ పక్కన ఏ, బీ అని ఉంటుంది, రెండూ ఒకే ప్లాట్‌ఫారానికి దించుతాయి గానీ రెండు కొసల్లో. స్క్రీన్ మీద మీ పెట్టె నంబర్‌కి ఏది రాశారో చూసి దిగండి, కింద నేల మీద పెట్టె నంబర్లు ఉంటాయి. తప్పు సగంలో ఎక్కేస్తే అక్కడే ఉండి రైలు సిబ్బందికి చెప్పండి. మధ్య స్టేషన్లో దిగి పరిగెత్తే సాహసం చేయొద్దు, రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలే. సుజౌలో దిగడానికి కూడా ఐదు నిమిషాల ముందే లేచి తలుపు దగ్గరుండాలి, నాన్నగారు చెప్పులు వెతుక్కునేలోపు రైలు కదిలిపోతుంది.

సమస్య: గైడ్ కనిపించడు, మెసేజ్ వెళ్లదు

వాట్సాప్, గూగుల్ మ్యాప్స్ చైనా నెట్‌లో పనిచేయవు. హోటల్ వైఫై మీద మీరు పంపిన వాట్సాప్ వెళ్లకుండా అలా ఉండిపోతుంది. మన దేశపు సిమ్‌తో రోమింగ్ ప్యాక్ వేసుకుంటే అవి నడుస్తాయి, ఆ డేటా మన కంపెనీ గుండా పోతుంది కాబట్టి. గైడ్‌లు ఉండేది మాత్రం చైనావాళ్ల మెసేజింగ్ యాప్ వీచాట్‌లోనే, అందులో ముందే కలుపుకోండి. సుజౌ స్టేషన్‌కి బయట ఉత్తరం వైపు ఒక పెద్ద ఆవరణ, దక్షిణం వైపు ఒకటి ఉన్నాయి, ఒకవైపు మీరు, ఇంకోవైపు ఆయన నిలబడి ఒకరినొకరు తిట్టుకునే సీను మామూలే. తను నిలబడే చోటు ఫొటో పంపమనండి. అడ్రసు మీరు టైప్ చేయడం కన్నా అదే నయం.

సమస్య: కార్డు తీసుకోవట్లేదు

యూపీఐని నమ్ముకుని వెళ్లొద్దు. ఫోన్‌తో డబ్బు కట్టే ఆలీపే, వీచాట్ యాప్‌లలో వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు కలుపుకోవచ్చు. కలవట్లేదంటే మన బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆఫ్‌లో ఉండి ఉంటుంది, రిజర్వ్ బ్యాంకు 2020 నుంచి కొత్త కార్డులన్నింటికీ అలాగే పెట్టించింది. ఓటీపీ ఇండియా నంబర్‌కి వస్తుంది, ఆ సిమ్ ఫోన్‌లో బతికి ఉండాలి. 200 యువాన్లు దాటిన బిల్లుకి 3 శాతం అదనంగా పడుతుంది. వంద, రెండు వందల యువాన్లు చిన్న నోట్లు జేబులో ఉంచుకోండి.

సమస్య: తోట టికెట్లు అయిపోయాయి, మ్యూజియం మూసేశారు

జువోజెంగ్ యువాన్ అంటే సుజౌలో అన్నిటికన్నా పెద్ద పేరున్న తోట, మింగ్ రాజవంశం కాలంలో పదహారో శతాబ్దం మొదట్లో కట్టింది, 13 ఎకరాలకు దగ్గరగా ఉంటుంది. అందరి టూరూ అక్కడే మొదలవుతుంది. దీనికీ పాస్‌పోర్టుతోనే ముందస్తు బుకింగ్. మే మొదటి వారం, అక్టోబర్ మొదటి వారం చైనాలో సెలవులు, అప్పుడు రైలూ దొరకదు, తోటా దొరకదు, దొరికినా తలకాయలు తప్ప ఏమీ కనిపించవు. ఆ రోజుల్లో వెళ్లకపోవడమే పరిష్కారం.

మామూలు రోజు టికెట్టు అందకపోతే గైడ్ మొహం వేలాడేస్తాడు గానీ మీరు వేలాడేయకండి. వాంగ్‌షి యువాన్‌కి తీసుకెళ్లమనండి. ఎకరం పైచిలుకు చిన్న తోట, 1997లో యునెస్కో జాబితాకెక్కిన మొదటి నాలుగు సుజౌ తోటల్లో ఇదీ ఒకటి. మధ్యలో చిన్న కొలను, చుట్టూ వసారాలు, ఒక్కో కిటికీ ముందు ఆగితే ఒక్కో రకంగా కనిపిస్తుంది కొలను. నన్నడిగితే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మొదటే దీన్ని పెట్టుకోవాలి, పెద్దదాన్ని వదిలేసినా ఫర్వాలేదు.

సుజౌ మ్యూజియం సోమవారం సెలవు. ప్రవేశం ఉచితమే గానీ బుకింగ్ తప్పనిసరి. పేరున్న ఆర్కిటెక్ట్ ఐ.ఎం. పెయ్ డిజైన్ చేసిన భవనం అది, 2006లో తెరిచారు, లోపలి వస్తువుల కన్నా ఆ కట్టడం చూడటానికే వెళ్లొచ్చు.

సమస్య: టూర్‌లో సగం పట్టు దుకాణంలోనే గడిచిపోయింది

కారణం టూర్ ధరలోనే ఉంది. రైలు, గైడ్, భోజనం, తోట టికెట్టు అన్నీ కలిపినా అంత తక్కువకి రాదే అనిపించిందంటే మిగతాది దుకాణం కమీషన్‌లోంచి వస్తుంది. 2013 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న చైనా పర్యాటక చట్టం, చవక ధర చూపించి లాగి దుకాణాల్లో కొనిపించడాన్ని నిషేధించింది. బుక్ చేసేటప్పుడే 'దుకాణాలు వద్దు' అని రాతలో తీసుకోండి. అప్పటికప్పుడైతే, నవ్వుతూ 'మాకు ఇది వద్దు, పింగ్‌జ్యాంగ్ వీధికి పోదాం' (కాలవ పక్కనున్న పాత వీధి అది) అని తేల్చి చెప్పండి. వినకపోతే 12345కి ఫోన్ చేస్తామంటే చాలు, అది ప్రభుత్వ ఫిర్యాదుల నంబర్ అని గైడ్‌లకు తెలుసు. ధర్మవరం, పోచంపల్లి చూసిన అమ్మని అక్కడ ఒప్పించడం వాళ్లకీ కష్టమేలెండి.

సమస్య: శాకాహారం అంటే తల ఊపారు, తీరా చూస్తే మాంసం

నూడుల్స్ పైన కూరలే కనిపించినా కింది సూపు ఎముకలతో కాచినదై ఉంటుంది. కొన్ని తీపి పిండివంటల్లో పంది కొవ్వు కలుస్తుంది. 'వెజ్' అన్న మాటలో ఇవన్నీ వాళ్లకు రావు. మాంసం, చేప, గుడ్డు, ఎముకల సూపు, పంది కొవ్వు వద్దని విడివిడిగా గైడ్‌తో చైనీస్‌లో రాయించి ఫోన్‌లో పెట్టుకోండి. పులిహోర డబ్బా తెచ్చుకుంటే స్టేషన్‌లో ఎవరూ తీసేయరు. వేడినీళ్లు స్టేషన్‌లో, రైల్లో ఊరికే దొరుకుతాయి, కప్పు ఉప్మా ఉంటే పని అయిపోయినట్టే.

హాంకాంగ్ నుంచి గ్వాంగ్‌జౌ, షెన్‌జెన్ వెళ్లేవాళ్లకు

పైవాటిలో చాలావరకు మీకూ వర్తిస్తాయి, ఒకటి అదనం. అది సరిహద్దు దాటే ప్రయాణం. భారత పాస్‌పోర్టుకి చైనా వీసా కావాలి, సింగిల్ ఎంట్రీ అయితే ఒకసారి వెళ్లి రాగానే అయిపోయినట్టే. మళ్లీ చైనాలోకి వెళ్లే పనుంటే రెండు ఎంట్రీల వీసా చూసుకోండి.

సమస్య: సాయంత్రం తిరుగు టికెట్లు లేవు

ఆదివారం సాయంత్రం షాంఘైకి తిరిగొచ్చేవాళ్లంతా ఒకేసారి బయలుదేరతారు. వచ్చేటప్పటి టికెట్టుతో పాటే తిరుగుది కొనాలి. దొరకలేదంటే సుజౌ నార్త్ నుంచి కూడా చూడండి, అక్కడ ఖాళీ ఉండొచ్చు. అదీ లేకపోతే మెట్రో ఉంది: సుజౌ 11వ లైను 2023 నుంచి హ్వాచ్యావ్ దగ్గర షాంఘై 11వ లైనుకి కలుస్తుంది. చవక, టికెట్టు గొడవ లేదు, కాకపోతే పాత ఊరి నుంచి షాంఘై నడిబొడ్డుకి మూడు గంటల దాకా పడుతుంది, ఏడింటికల్లా ఎక్కకపోతే చివరి రైళ్లు తప్పిపోవచ్చు. పిల్లలు నిద్రపోయి, అమ్మ కాళ్లు వాచి ఉంటే దీదీ అనే టాక్సీ యాప్‌లో కారే మేలు, కొన్ని వందల యువాన్లు అవుతుంది, నలుగురుంటే పంచుకోవచ్చు.