పిల్లల్ని చివర చూడండి: ఒక ఈతలోంచి కుక్కపిల్లను ఎంచుకునే పద్ధతి

కుక్కపిల్లను ఎంచుకోవడానికి వెళ్ళిన చోట పిల్లల్ని చివర చూడాలి. ముందు వాసన, తర్వాత నేల, ఆ తర్వాత తల్లి. ఎనిమిది లాబ్రడార్ పిల్లలు ఒక్కసారిగా కాళ్ళ మీదికి ఎగబాకాయంటే ఇంక మనిషికి వేరే ఏదీ కనపడదు. అందుకే గుమ్మం దగ్గరే కాసేపు ఆగండి.

మూడు వారాలు దాటిన పిల్లలు పడుకునే చోటు వదిలి, కాస్త అవతలికి పోయి ఒంటికీ రెంటికీ కూర్చోవడం మొదలుపెడతాయి. అలా పోవడానికి జాగా ఉన్న చోట పెరిగిన పిల్లకు ఇంట్లో శుభ్రత నేర్పడం తేలిక. ఇరుకు బోనులో తన పెంట మీద తానే పడుకున్న పిల్లకు ఆ అసహ్యం పోతుంది, తర్వాత నెలల తరబడి మీరు గుడ్డ పట్టుకుని తిరగాలి. కాబట్టి పొడి పరుపు ఒక మూల, కాగితాలో రంపపు పొట్టో ఇంకో మూల ఉన్నాయా చూడండి. ఒకటి రెండు తాజా పెంటలు ఉండటం తప్పు కాదు. నీళ్ళలాంటి పెంట, అందులో రక్తపు చార, ముక్కు పగిలే కంపు ఉంటే మాత్రం ఏ పిల్లనూ ముట్టుకోకుండా బయటికి వచ్చేయండి. అది పార్వో, అంటే కుక్కపిల్లల పేగుల్ని పట్టే వైరస్ జబ్బు, కావచ్చు. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా వారం లోపు, ఒక్కోసారి రెండు వారాల దాకా పడుతుంది. ఒక పిల్లకు విరేచనాలు పట్టుకుంటే, పక్కన గెంతులేస్తున్న పిల్ల కూడా ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క కాదు.

అదే కారణంతో ఒకే రోజు రెండు మూడు చోట్ల పిల్లల్ని చూసి రావద్దు. పార్వో చెప్పులకీ చేతులకీ అంటుకుని ప్రయాణం చేస్తుంది. శానిటైజర్‌కీ ఫినాయిల్‌కీ అది చావదు. ఒక పాలు బ్లీచ్‌కు ముప్పై పాళ్ళు నీళ్ళు కలిపి, తడి ఆరకుండా పది నిమిషాలు ఉంచితే చస్తుంది.

వయసు: మాట వినకండి, పళ్ళు చూడండి

2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేసుకుని ఉండాలి. అయినా ముప్పై, ముప్పై అయిదు రోజుల పిల్లల్ని అంటగట్టేవాళ్ళు ఉన్నారు. చిన్న పిల్ల ముద్దుగా ఉంటుంది, మేత ఖర్చూ టీకా ఖర్చూ కొనేవాడి మీద పడతాయి. నష్టం మీకే. నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ, గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుందని నేర్చుకుంటాయి. ఆ పాఠం కాకుండా వచ్చిన పిల్ల మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

నోరు తెరిచి చూడండి. ముందు పళ్ళు, కోరలు మూడు నుంచి అయిదు వారాల మధ్య వస్తాయి, వెనక దవడ పళ్ళు ఆ తర్వాత. ఎనిమిది వారాలకు మొత్తం 28 పాలపళ్ళు దాదాపు వచ్చేయాలి. అరవై రోజులని చెప్పిన లాబ్రడార్ పిల్లకు వెనక చిగుళ్ళు బోసిగా ఉన్నాయంటే లెక్క ఎక్కడో తప్పింది. పమేరియన్ లాంటి బుజ్జి జాతుల్లో పళ్ళు కొంచెం ఆలస్యం, వాటికి ఈ కొలత కొంత సడలించుకోవాలి.

తల్లి

ఏడెనిమిది వారాలు పాలిచ్చిన తల్లి బక్కగా, జుట్టు రాలి, చన్నులు వేలాడుతూ ఉంటుంది. అది చూసి వెనక్కి తగ్గక్కర్లేదు. చూడాల్సింది దాని తీరు. కొత్తవాళ్ళను చూసి రెండు సార్లు మొరిగి, యజమాని పలకరించగానే సర్దుకుని మీ చెయ్యి వాసన చూసే తల్లి అయితే సగం పని అయినట్టే. మంచం కింద దూరి వణికేదో, గదిలో పెట్టి తాళం వేస్తే తప్ప మనుషులు లోపలికి రాలేనిదో అయితే ఆలోచించండి. బెదురు రక్తంలోనూ వస్తుంది, తల్లిని చూసి నేర్చుకోవడం వల్లా వస్తుంది. తండ్రి అక్కడ లేకపోవడం మామూలే, జత కోసం వేరే చోటికి తీసుకెళ్ళి ఉంటారు. తల్లి కనపడకపోతే మాత్రం ఆ పిల్లలు అక్కడ పుట్టినవి కావు అనుకోవాలి. "తల్లి ఊళ్ళో ఉందండీ" అన్న జవాబు వినగానే టీ తాగి వచ్చేయడమే.

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ పిల్లలైతే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి. తుంటి కీలు సరిగా కుదరని జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది, రెండు నెలల పిల్ల నడకలో అది కనపడదు. చాలామంది తీయించి ఉండరు. అడిగితే చిరాకు పడ్డారా, లేదని ఒప్పుకున్నారా అన్నదాన్ని బట్టి మనిషి మీద ఒక అంచనా వస్తుంది.

అరగంట ఊరికే కూర్చోండి

పొద్దున ఏడింటికో సాయంత్రం అయిదు దాటాకో, మేతకు ముందు వెళ్ళండి. కడుపు నిండిన పిల్లలు నిద్రపోతాయి, మే నెల మధ్యాహ్నం ఎంత గట్టి పిల్లయినా చాప మీద సాగిలపడి ఉంటుంది. నేల మీద కూర్చుని, పిలవకుండా, చిటికెలు వేయకుండా పది నిమిషాలు చూడండి. ఒకటి అందరినీ తొక్కుకుంటూ మీ మీదికి వస్తుంది. ఒకటి రెండు ఆటలో మునిగి మిమ్మల్ని పట్టించుకోవు. ఒకటి వెనకే కూర్చుని చూసి, అయిదు నిమిషాలకు మెల్లగా వచ్చి మోకాలి వాసన చూస్తుంది. ఒకటి గోడకు అంటుకుని అక్కడే ఉండిపోతుంది.

"అదే నన్ను ఎంచుకుందండీ" అని మొదటి దాన్ని ఎత్తుకుపోయేవాళ్ళే ఎక్కువ. అది మిమ్మల్ని ఎంచుకోలేదు, దేని మీదికైనా ముందు అదే వెళుతుంది. ఇల్లంతా పెద్దవాళ్ళు, మొదటిసారి కుక్కను పెంచుతున్నవాళ్ళు అయితే మెల్లగా వచ్చినది, లేదా ఆటలోంచి తల తిప్పి చూసి వచ్చినది నయం. రోజూ గంటన్నర తిప్పే ఓపిక, నేర్పే ఓపిక ఉన్నవాళ్ళకు దూకుడు పిల్ల బాగుంటుంది. కాపలా కోసం కావాలనుకునేవాళ్ళు చేసే పెద్ద పొరపాటు, గుర్రుమనేదాన్ని ఎంచుకోవడం. రెండు నెలల పిల్ల మనిషిని చూసి గుర్రుమనడం చాలావరకు ధైర్యం కాదు, భయం. భయపడే కుక్క దొంగను కరవదు, గ్యాస్ బండ తెచ్చిన కుర్రాణ్ణి కరుస్తుంది.

ఏడెనిమిది వారాల వయసులో పెట్టే పరీక్షలతో పెద్దయ్యాక గుణం ఇలా ఉంటుందని జోస్యం చెప్పడం కుదరదు, ఆ పని చేసి చూసిన పరిశోధనల్లో ఫలితాలు అంత నమ్మకంగా రాలేదు. కాబట్టి ఒక్కసారి చూసి తేల్చకండి. మూడు నాలుగు రోజులు ఆగి మళ్ళీ వెళ్ళండి. పిల్లలన్నీ ఒకే రంగైతే మెడకు రంగు దారాలు కట్టమనండి, ఫోన్‌లో ఒక్కోదాన్ని నిమిషం వీడియో తీసుకోండి. రెండుసార్లూ గోడకు అంటుకున్నదాన్ని వదిలేయండి. మొదటిసారి ముడుచుకుని రెండోసారి ఆడుతుంటే, మొదటిరోజు దానికి నిద్రో ఆకలో అయ్యుంటుంది.

చేతిలోకి తీసుకున్నాక

మనసుకు నచ్చిన రెండింటిని మాత్రమే ఎత్తండి. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిరుదుల కింద. వయసుకు తగ్గ పిల్ల చూపుకన్నా బరువుగా తగలాలి. ఎనిమిది వారాల లాబ్రడార్ సుమారు నాలుగున్నర నుంచి ఆరు కిలోలు తూగుతుంది. వెన్ను, పక్కటెముకలు గుచ్చుకుంటూ పొట్ట మాత్రం కుండలా ఉంటే అది పుష్టి కాదు, ఏలిక పాములు. ఇవి పుట్టకముందే తల్లి నుంచి పిల్లకు చేరతాయి. అందుకే రెండో వారం నుంచి రెండు వారాలకోసారి నట్టల మందు పట్టాలి. తేదీలు అడగండి.

పై పెదవి ఎత్తి చిగురు చూడండి, అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఇదే. గులాబి రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కితే తెల్లబడి, వదిలాక రెండు సెకన్ల లోపు మళ్ళీ ఎర్రబడాలి. సుద్దలా పాలిపోయి ఉంటే పేగుల్లో పురుగులో, గోమార్లు రక్తం తాగేయడమో, అవి అంటించిన జ్వరమో కారణం కావచ్చు. గోమార్లు దాక్కునేది చెవుల లోపల, కాలి వేళ్ళ సందుల్లో, తోక మొదట్లో. అక్కడ వేలు పెట్టి వెతకండి.

కళ్ళలో పసుపు పుసి, ముక్కులోంచి చిక్కటి చీమిడి, దగ్గు మూడూ కలిస్తే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బును అనుమానించాలి. చెవిలో కాఫీ పొడిలాంటి నల్ల మడ్డి ఉంటే పేలలాంటి సూక్ష్మపురుగులు, అది మందుతో పోతుంది. కళ్ళ చుట్టూ, మూతి దగ్గర, ముందు కాళ్ళ మీద బొచ్చు ఊడిన మచ్చలుంటే గజ్జి అవునో కాదో వైద్యుడు చర్మం గీకి చూసి చెప్పాలి. బొడ్డు దగ్గర మెత్తటి బుడిపె తగిలి, నొక్కితే లోపలికి పోతుంటే అది బొడ్డు గిలక, అంటే హెర్నియా. చిన్నదైతే భయం లేదు, వేలు పట్టేంత పెద్దదైతే ఆపరేషన్ ఖర్చు ధరలో మాట్లాడుకోండి. మగపిల్లకు ఎనిమిది వారాలకు రెండు వృషణాలూ చేతికి తగలాలి. పగ్ అయితే నిద్రపోతున్నప్పుడు గుర్రు వినండి, ముక్కు రంధ్రాలు సన్నటి గీతల్లా మూసుకుపోయి ఉంటే తీసుకోవద్దు. దానికి మన ఎండాకాలం ఏటా గండమే.

ఇప్పుడు దాన్ని ఒంటరిగా వేరే గదిలోకి తీసుకెళ్ళండి. అన్నీ కలిసి ఉన్నప్పుడు చెవుడు కనపడదు, పక్కది లేస్తే చెవిటిదీ లేస్తుంది. వెనక నుంచి, గాలి తగలకుండా, నేల అదరకుండా తాళాల గుత్తి ఆడించండి. తెల్ల ఒళ్ళున్న డాల్మేషన్, రాజపాళయం పిల్లల్లో పుట్టు చెవుడు ఉంటుంది కాబట్టి వాటికి ఇది తప్పనిసరి. తర్వాత కాస్త దూరంగా ఒక స్టీలు పళ్ళెం నేల మీద పడేయండి. ఉలిక్కిపడటం సహజం. అర నిమిషంలో తేరుకుని పళ్ళెం దగ్గరికి వెళ్ళి చూసేది మంచి పిల్ల. రెండు నిమిషాలైనా మూలలోంచి రానిది ట్రాఫిక్ రోడ్డు పక్క ఇంటికి, దీపావళి టపాసులకు పనికిరాదు. చివరగా ఒళ్ళో వెల్లకిలా ముప్పై సెకన్లు పట్టుకోండి. కాసేపు గింజుకుని సర్దుకుంటే సరి.

మెడ తోలు పట్టి వేలాడదీస్తే అరవనిదే మంచి కుక్క అని, ఇరవై గోళ్ళుంటే అదృష్టమని, అంగిలి నల్లగా ఉంటే పొగరని పాతమాటలు ఉన్నాయి. కుక్కకు మామూలుగా గోళ్ళు పద్దెనిమిది. వెనక కాళ్ళకు అదనపు గోరు ఉంటే ఇరవై అవుతాయి, అది తగులుకుని చీరుకోకుండా కత్తిరిస్తుండాలి, అంతే. మెడ పట్టి వేలాడదీయడం మాత్రం చేయకండి, నొప్పి పెడితే అరవడం ఏ పిల్లకైనా న్యాయమే.

వీధిలో ఈనిన నాటు కుక్క పిల్లలు

పద్ధతి ఇదే, ధర ఒక్కటే లేదు. తల్లి దగ్గర ఉంటే ఎనిమిది వారాలు అక్కడే పాలు తాగనివ్వండి, తల్లికి తిండి పెట్టండి. పిల్ల కరిచినా, గీరినా, పుండు మీద నాకినా చిన్నదే కదా అని వదలొద్దు. సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకాకు వెళ్ళాలి. ఎండ తట్టుకోవడంలో, చర్మం విషయంలో చాలా దిగుమతి జాతులకన్నా ఇవి మేలు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో హస్కీని ఏసీలో పెట్టి పెంచేకన్నా వంద రెట్లు నయం. కొల్లేటి వైపు జొనంగి పిల్ల దొరికితే, అది పెరట్లో గుంటలు తవ్వి పడుకునే జాతి అని ముందే తెలుసుకుని తీసుకోండి.

డబ్బు ఇచ్చే ముందు

టీకా కార్డులో సీసా మీది స్టిక్కరు, తేదీ, వైద్యుడి సంతకం మూడూ ఉండాలి. యాభై రోజుల పిల్లకు "అన్ని టీకాలూ అయిపోయాయి" అంటే నమ్మొద్దు. తల్లి పాలతో వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండే దాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకు. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) జాతి నమోదు కాగితాలు ఇస్తామంటే కాగితంలో ఉన్న మైక్రోచిప్ నంబరు, స్కానర్ పెట్టినప్పుడు పిల్ల మెడ దగ్గర చూపే నంబరు ఒకటేనా చూసుకోండి. "కాగితాలు తర్వాత పంపిస్తాం" అన్నవి సాధారణంగా రావు.

అన్నిటికన్నా చిన్నదాన్ని జాలితో తీసుకోవద్దు. చిన్నదైనా వారం వారం బరువు పెరుగుతూ, మేత దగ్గర చోటు సంపాదించుకుంటుంటే వైద్యుడికి గుండె చూపించాక తీసుకోండి. ఒక ఈతలోంచి రెండింటిని కూడా తెచ్చుకోవద్దు. అవి ఒకదానితో ఒకటి ముడిపడిపోయి మీ మాట వినడం నేర్చుకోవు, ఒక్కోసారి పెద్దయ్యాక కొట్టుకుంటాయి.

రెండు మూడు రోజుల్లో వైద్యుడు జబ్బు తేలిస్తే పిల్లను వెనక్కి తీసుకుని డబ్బు ఇస్తామని ఒక కాగితం మీద రాయించుకోండి. బయలుదేరడానికి రెండు గంటల ముందు మేత పెట్టొద్దనండి, కారులో వాంతి తప్పుతుంది. అక్కడ తింటున్న మేతే ఒక వారానికి సరిపడా కొనుక్కోండి, ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుని అది జబ్బో మేత మార్పో తేలక సతమతమవుతారు. తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి తెచ్చుకోండి. టీకాలు పూర్తయ్యే దాకా వీధిలో, పార్కులో నేల మీద దించకుండా చంకలో ఎత్తుకుని తిప్పండి, లోకం చూడాల్సిన వయసు కూడా అదే. ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున వేసిన పెంట కొంచెం మూత డబ్బాలో పెట్టుకుని, టీకా కార్డుతో సహా వైద్యుడి దగ్గరికి వెళ్ళండి.