ప్రచారంలో క్యూఆర్ కోడ్ ఫలితమివ్వకపోతే: సమస్యలు, పరిష్కారాలు

సమస్య: కూడలిలో ఫ్లెక్సీ మీద కోడ్ వేసినా ఎవరూ స్కాన్ చేయడం లేదు.

కారణం: లోపం తరచుగా కోడ్‌లో కాక, దాన్ని పెట్టిన చోటులో ఉంటుంది. స్కాన్ చేసే దూరంలో కనీసం పదో వంతు వెడల్పు కోడ్‌కు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 15 మీటర్ల దూరం నుంచి చదవాలంటే మీటరున్నర కోడ్ కావాలి. అంత పెద్దది వేసినా, బండి నడుపుతున్న మనిషి ఫోను తీయలేడు, తీయకూడదు కూడా.

పరిష్కారం: అక్కడ కోడ్ తీసేసి, దుకాణం పేరు, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. కోడ్‌ను మనిషి ఖాళీగా కూర్చునే చోటికి, అంటే డాక్టరు గది బయటి గోడకో, హోటల్ టేబుల్ మీదికో మార్చండి.

సమస్య: కొన్ని ఫోన్లు కోడ్‌ను చదవడం లేదు.

కారణం: 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ రూపొందించిన ఈ కోడ్ నలుపు తెలుపు గళ్ల చదరం. అతి చిన్నదానికి ఒక్కో వైపు 21 గళ్లు ఉంటే, అతి పెద్దదానికి 177 ఉంటాయి. లింకు పొడవయ్యేకొద్దీ గళ్లు పెరుగుతాయి కాబట్టి, అదే రెండు సెంటీమీటర్ల చోటులో అవి మరీ సన్నబడి, నాసిరకం కాగితం మీద సిరా పాకి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చుట్టూ నాలుగు గళ్ల మేర ఖాళీ వదలాలన్న నియమాన్ని డిజైనర్లు అందమైన అంచు కోసం పక్కన పెట్టడం మరో కారణం. మధ్యలో లోగో పెట్టాలనుకుంటే దిద్దుబాటు స్థాయిని, అంటే కొంత భాగం చెడినా కోడ్ చదవగలిగేలా చేసే అమరికను, అత్యధికంగా ఉంచాలి. అది సుమారు 30 శాతం నష్టాన్ని తట్టుకుంటుంది గానీ, గళ్లను ఇంకా పెంచుతుంది.

పరిష్కారం: లింకును కుదించి, తెలుపు మీద నలుపులో వేయించండి. మొత్తం అచ్చుకు ఇచ్చే ముందు ఒక్క ప్రతి తీయించి, పాత చవక ఫోనుతో, సాయంత్రపు వెలుతురులో పరీక్షించండి.

సమస్య: వాట్సాప్‌లో పంపిన పోస్టరుకు స్పందన లేదు.

కారణం, పరిష్కారం: చూస్తున్న ఫోనుకే కెమెరా గురిపెట్టలేరు. అక్కడ నేరుగా లింకే ఇవ్వండి.

సమస్య: జనం కోడ్ చూసి అనుమానిస్తున్నారు.

కారణం: యూపీఐ వచ్చాక కోడ్ అంటే డబ్బు కట్టేదని మనకు అలవాటైంది, పైగా కోడ్ పంపి ఖాతా ఖాళీ చేసే మోసాల గురించి అందరూ విన్నారు. ఆ భయం న్యాయమైనదే, దాన్ని గౌరవించాలి.

పరిష్కారం: “స్కాన్ చేస్తే ధరల పట్టిక తెరుచుకుంటుంది, డబ్బు చెల్లించనక్కరలేదు” అని కోడ్ కిందే తెలుగులో రాసి, వెబ్‌సైట్ చిరునామా కూడా ఇవ్వండి. మీ కోడ్ మీద ఎవరైనా వేరే స్టిక్కర్ అంటించారేమో అప్పుడప్పుడు చూసుకోండి.

సమస్య: నిన్నటిదాకా పనిచేసిన కోడ్ ఈరోజు తెరుచుకోవడం లేదు.

కారణం: గమ్యాన్ని మార్చుకోగలిగే డైనమిక్ కోడ్‌ను ఉచిత గడువుతో ఇచ్చే సేవలు ఉన్నాయి, గడువు ముగిస్తే అచ్చయిన కరపత్రాలన్నీ వృథా.

పరిష్కారం: మీ సొంత డొమైన్‌లోనే, అంటే మీ పేరున ఉన్న వెబ్‌సైట్ చిరునామాలోనే, చిన్న లింకు పెట్టుకుని, అక్కడి నుంచి కావలసిన పేజీకి మళ్లించండి. ఒక్కో చోటుకు ఒక్కో లింకు ఇస్తే, ఏ గోడ మీది కోడ్ పనిచేస్తోందో, ఏది తీసేయాలో కూడా తెలుస్తుంది.