జర్మన్ సాహిత్యంలో డాక్టరేట్: జర్మన్ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు విధానం

జర్మనీలో జర్మన్ సాహిత్యంపై పరిశోధన చేయాలనుకునేవారు ముందుగా దరఖాస్తు ఫారం కోసం వెతుకుతారు. ఫారం దాకా రావడానికి ఇంకా చాలా పని ఉంది. మన దగ్గర నోటిఫికేషన్ పడుతుంది, ఎంట్రన్స్, ఇంటర్వ్యూ అవుతాయి, సీటు వచ్చాక గైడ్‌ను కేటాయిస్తారు. అక్కడ ఈ వరుస తలకిందులు. ముందు ఒక ప్రొఫెసర్ గైడ్‌గా ఉండటానికి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. తర్వాత ఫ్యాకల్టీలోని డాక్టరేట్ కమిటీ మిమ్మల్ని అభ్యర్థిగా స్వీకరించాలి. ఆపైన యూనివర్సిటీ అడ్మిషన్ విభాగం పేరు నమోదు చేసుకుంటుంది. ఇవి మూడు వేర్వేరు అనుమతులు. గైడ్ ‘సరే’ అన్నారని ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, కమిటీ దగ్గర ఏడాదిపాటు ఆగిపోయే అవకాశం ఉంది కాబట్టి ఈ వరుసను గుర్తుపెట్టుకోండి. చేరాలనుకునే సెమిస్టర్‌కు కనీసం 12 నుంచి 15 నెలల ముందే పని మొదలుపెట్టాలి.

ఇక్కడ చెప్పేది ‘ఇండివిడ్యువల్ ప్రొమోత్సియోన్’ గురించి, అంటే ఒక గైడ్ కింద విడిగా చేసే డాక్టరేట్ గురించి. సాహిత్యంలో ఎక్కువమంది ఈ దారిలోనే వెళ్తారు. బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీలోని ఫ్రీడ్రిష్ ష్లేగెల్ గ్రాడ్యుయేట్ స్కూల్ లాంటి చోట్ల కోర్సులు, గడువులు, ఎంపిక కమిటీతో నడిచే పద్ధతి కూడా ఉంది. అక్కడ ఏడాదికో ప్రకటన వస్తుంది, పోటీ గట్టిగా ఉంటుంది. ఏ దారిలో వెళ్లినా పరిశోధన ప్రతిపాదనే ప్రాణం.

ఈ డిగ్రీ ఏం అడుగుతుంది

చివర్లో వచ్చే పట్టా ‘డాక్టర్ ఫిలొసొఫియే’, క్లుప్తంగా డా. ఫిల్. దీనికి ప్రతి ఫ్యాకల్టీ నియమావళి పెట్టే ప్రధాన షరతు ఒకటే: సొంతంగా చేసిన పరిశోధనతో ఆ శాస్త్రానికి కొత్త జ్ఞానం చేరాలి. ఎం.ఏ. థీసిస్‌లోనైతే ఇతరులు అప్పటికే చేసిన పరిశోధనను బాగా చదివి సరిగ్గా వాడుకుంటే చాలు. డాక్టరేట్‌లో మాత్రం ఇంతవరకు ఎవరూ చూడని ఆధారమో, చూసినా ఎవరూ వేయని ప్రశ్నో ఉండాలి. సాహిత్యంలో సిద్ధాంత గ్రంథం సాధారణంగా 200 నుంచి 300 పేజీలు, కాలం మూడు నుంచి ఐదేళ్లు.

అర్హత: లెక్క ఎక్కడ తప్పుతుంది

జర్మన్ సాహిత్యంలో లేదా దగ్గరి విషయంలో మాస్టర్స్ ఉండాలి. మీరు చదివిన యూనివర్సిటీకి జర్మనీలో గుర్తింపు ఉందో లేదో ‘అనాబిన్’ అనే డేటాబేస్‌లో చూసుకోవచ్చు. యూనివర్సిటీ పేరు పక్కన ‘హెచ్ ప్లస్’ ఉంటే గుర్తింపు ఉన్నట్టే.

మార్కుల దగ్గర మనవాళ్లు తరచూ నష్టపోతారు. చాలా ఫ్యాకల్టీలు ఎం.ఏ.లో ‘గూట్’ స్థాయిని, అంటే 2.5 లేదా అంతకన్నా మెరుగైన గ్రేడును అడుగుతాయి. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 బొటాబొటి పాస్. మన శాతాన్ని సవరించిన బవేరియన్ సూత్రంతో మారుస్తారు: గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠ, కనీస పాస్ మార్కుల తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. 75 శాతం వచ్చిన అభ్యర్థి విషయంలో పాస్ మార్కు 40 అని తీసుకుంటే గ్రేడు 2.25. అదే 50 అని తీసుకుంటే 2.5. మార్కుల్లో తేడా ఏమీ లేకుండానే గ్రేడు హద్దు మీదకు వచ్చేసింది. మీ మార్కుల మెమో వెనక గ్రేడింగ్ పద్ధతి, కనీస పాస్ మార్కు అచ్చయి ఉన్నాయేమో చూడండి. లేకపోతే పరీక్షల విభాగం నుంచి సంతకం, ముద్రతో ఒక ధ్రువపత్రం ముందే తీసుకోండి. అవతలివాళ్లు ఊహించుకునే పరిస్థితి రానివ్వకండి.

భాష విషయంలో సడలింపు ఉంటుందని ఆశపడొద్దు. ఇది జర్మన్ సాహిత్యం, సిద్ధాంత గ్రంథం సాధారణంగా జర్మన్‌లోనే రాయాలి. మరో భాషలో రాయాలంటే చాలాచోట్ల ప్రత్యేక అనుమతి కావాలి. టెస్ట్‌డాఫ్ పరీక్షలో నాలుగు భాగాల్లోనూ 4వ స్థాయి, యూనివర్సిటీలు పెట్టే డిఎస్‌హెచ్ పరీక్షలో 2వ స్థాయి, గోథే ఇన్‌స్టిట్యూట్ వారి అత్యున్నత స్థాయి సి2 లాంటివి సాధారణంగా చెల్లుతాయి. గోథే సి1 ఉంటే చాలనుకుని చాలామంది ఆగిపోతారు. అది కొన్నిచోట్ల చెల్లుతుంది, కొన్నిచోట్ల చెల్లదు. మీ యూనివర్సిటీ జాబితాలో సర్టిఫికెట్ పేరు అక్షరం అక్షరం సరిపోవాలి. హైదరాబాద్‌వాళ్లకు గోథే సెంట్రుమ్ దగ్గర్లోనే ఉంది. కానీ సి1 నుంచి సి2కి ఎక్కడానికి పట్టే కాలాన్ని తక్కువ అంచనా వేయకండి.

ఇంకొకటి లాటిన్. కొన్ని ఫ్యాకల్టీలు సాహిత్య డాక్టరేట్‌కు లాటిన్ పరిజ్ఞానం ఇంకా అడుగుతాయి. మధ్యయుగ సాహిత్యమైతే మధ్యకాలపు జర్మన్ కూడా వచ్చి ఉండాలి. నియమావళి పేరు ‘ప్రొమోత్సియోన్స్‌ఓర్డ్నుంగ్’, ప్రతి ఫ్యాకల్టీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. అది పూర్తిగా చదవకుండా ఏ ప్రొఫెసర్‌కూ ఉత్తరం రాయకండి.

ప్రతిపాదన: అసలు దరఖాస్తు ఇదే

దీన్ని ‘ఎక్స్‌పోజే’ అంటారు. 10 నుంచి 15 పేజీలు, గ్రంథసూచి అదనం. ఇందులో విషయం, ఇంతవరకు జరిగిన పరిశోధన, మీ ప్రశ్న, మీరు చదవబోయే మూల గ్రంథాలు, పద్ధతి, తాత్కాలిక అధ్యాయ విభజన, 36 నెలల పని ప్రణాళిక ఉండాలి. వీటన్నిటి బరువూ ప్రశ్న మీదే ఉంటుంది. అదొక్కటి గట్టిగా ఉంటే మిగతావి దాని వెనకే వస్తాయి.

ఒక ఉదాహరణ. ‘జర్మన్ సాహిత్యంలో భారతదేశ చిత్రణ’ అని పంపితే రెండో పేజీ చదవరు. దాని మీద ఇప్పటికే బీరువాల కొద్దీ పుస్తకాలున్నాయి, ఒక మనిషి మూడేళ్లలో చదవగలిగే హద్దూ కనబడదు. దాన్ని ఇలా కుదించి చూడండి. డెన్మార్క్ రాజు ఆదరణతో, జర్మనీలోని హాలె నగరం అండతో నడిచిన డేనిష్ హాలె మిషన్‌తో మన దేశానికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1726 నుంచి 1743 వరకు మద్రాసులో ఉన్నాడు. తెలుగు నేర్చుకున్నాడు, 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. తిరిగి వెళ్లాక 1740లలో హాలె నగరంలోనే తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఆ మిషన్ నివేదికలు 1710 నుంచి 1772 వరకు హాలెలో అచ్చయ్యాయి. చేతిరాత ప్రతులు అక్కడి ఫ్రాంకె సంస్థల ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఇప్పుడు ప్రశ్న ఇలా వేయవచ్చు: మద్రాసు నుంచి వెళ్లిన డైరీల్లో స్థానికులతో జరిగిన సంభాషణలు ఏ కథన రూపంలో ఉన్నాయి, అచ్చుకు ముందు హాలె సంపాదకులు వాటిలో ఏం తీసేశారు, ఏం మార్చారు?

ఈ ప్రశ్నకు కాలం హద్దు ఉంది, ఆధారాలు ఎక్కడున్నాయో తెలుసు, రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి పోల్చే పద్ధతీ ఉంది. పైగా తెలుగు తెలిసిన పరిశోధకుడికి ఆ ప్రతుల్లో కనబడేవి ఇతరులకు కనబడవు. దూరం నుంచి వచ్చే అభ్యర్థికి ఇంతకన్నా పెద్ద బలం లేదు, దాన్ని దాచుకోకండి. అయితే ప్రొఫెసర్ రెండు సందేహాలు అడుగుతారు. ‘ఇది చరిత్ర కదా, సాహిత్యం ఎలా?’ అన్నది మొదటిది. అందుకే ప్రశ్న ‘ఏం జరిగింది’ అన్న దగ్గర ఆగకుండా, ‘ఎలా రాశారు’ అన్న దాని మీద నిలబడాలి. రెండోది, ‘ఆ చేతిరాత చదవగలరా?’ అన్నది. పాత జర్మన్ చేతిరాత ‘కుర్రెంట్’ను ఈనాటి జర్మన్లే చాలామంది చదవలేరు. ప్రతిపాదన రాసే ముందే నేర్చుకోవడం మొదలుపెట్టి, ఆ సంగతి అందులో రాయండి.

జరిగిన పరిశోధన వెతకడానికి ఫ్రాంక్‌ఫర్ట్ యూనివర్సిటీ లైబ్రరీ నడిపే, జర్మన్ భాషా సాహిత్యాలపై వచ్చిన రచనల జాబితా అయిన బిడిఎస్ఎల్ గ్రంథసూచి, ఉత్తరాలు, చేతిరాత ప్రతులు ఏ ఆర్కైవ్‌లో ఉన్నాయో చెప్పే కల్లియోపె డేటాబేస్ చూడాలి. ఆధునిక రచయితలైతే మార్బాఖ్‌లోని జర్మన్ సాహిత్య ఆర్కైవ్, గోథే కాలమైతే వైమార్‌లోని గోథే, షిల్లర్ ఆర్కైవ్. ప్రతులు ఒక్కచోటే ఉంటాయనుకోకండి. కాఫ్కా నవల ‘డెర్ ప్రొత్సెస్’ చేతిరాత ప్రతి మార్బాఖ్‌లో ఉంటే, ఆయన మిగతా ప్రతుల్లో ఎక్కువ భాగం ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాయి. ప్రయాణాలు, ఖర్చులు పని ప్రణాళికలో కనబడాలి.

గైడ్‌కు రాయడం

మీ కాలం మీద, మీ పద్ధతిలో పనిచేసేవారిని ఎంచుకోండి. వారి వ్యాసాలు రెండైనా చదవండి. రిటైర్‌మెంట్‌కు ఎన్నేళ్లుందో కూడా చూసుకోవాలి, ఐదేళ్ల పనికి రెండేళ్ల గైడ్ సరిపోరు. మెయిల్ జర్మన్‌లో, ఒక పేజీ మించకుండా ఉండాలి. ‘ఝేర్ గెఎర్టె ఫ్రావ్ ప్రొఫెసోరిన్’ లేదా ‘ఝేర్ గెఎర్టెర్ హెర్ ప్రొఫెసోర్’ అని, పక్కన ఇంటిపేరుతో సంబోధించాలి. ‘రెస్పెక్టెడ్ సర్’ వద్దు. రెండు మూడు పేజీల ప్రతిపాదన సారాంశం, బయోడేటా, మార్కుల మెమో జత చేయాలి. ఎం.ఏ. థీసిస్ అడిగితే పంపడానికి సిద్ధంగా ఉంచుకోండి. ఇరవైమందికి ఒకే మెయిల్ పంపితే వెంటనే తెలిసిపోతుంది.

ఎప్పుడు పంపుతున్నారన్నదీ ముఖ్యమే. క్లాసులు అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకు, మళ్లీ ఏప్రిల్ మధ్య నుంచి జూలై మధ్య వరకు నడుస్తాయి. ఆగస్టులో రాసిన మెయిల్ అడుగున పడిపోతుంది. మూడు వారాలకు జవాబు రాకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తు చేయండి. ఒప్పుకుంటే సంతకంతో ‘బెట్రొయుంగ్స్‌త్సూజాగె’ అనే అంగీకార పత్రం అడగండి. ‘మీ విషయం బాగుంది’ అన్న మెయిల్ కమిటీ దగ్గర చెల్లదు.

ఫ్యాకల్టీకి దరఖాస్తు

ఫారం, పట్టాలు, మెమోలు, బయోడేటా, పూర్తి ప్రతిపాదన, గైడ్ అంగీకారం, భాషా సర్టిఫికెట్, ఇంతకుముందు మరెక్కడైనా డాక్టరేట్‌కు ప్రయత్నించారా అన్న ప్రకటన. మామూలు నోటరీ ముద్ర సరిపోతుందా, జర్మన్ కాన్సులేట్ ధ్రువీకరణే కావాలా అన్నది ముందే అడిగి తెలుసుకోండి. కమిటీ సెమిస్టర్‌కు కొన్నిసార్లే కూర్చుంటుంది. ఒక్క కాగితం తక్కువైతే తర్వాతి సమావేశం దాకా ఆగాల్సిందే.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యేది పేరు సమస్య. పదో తరగతి మెమోలో ‘కె. లక్ష్మీప్రసన్న’, పట్టాలో ‘లక్ష్మీప్రసన్న కె.’, పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి విడిగా. జర్మన్ ఆఫీసు దృష్టిలో వీళ్లు ముగ్గురు. ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని తెలిపే అఫిడవిట్, దానికి జర్మన్ అనువాదం మొదటి రోజే జత చేయండి. భాషా పరీక్షకు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు ఇవ్వండి.

నమోదు, డబ్బు, వీసా

డాక్టరేట్ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు సాధారణంగా ఉండదు. బాడెన్ వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటుంది కానీ, డాక్టరేట్ వారికి మినహాయింపు ఉంది. సెమిస్టర్ చందా మాత్రం కట్టాలి. ఆరోగ్య బీమాలో విద్యార్థులకిచ్చే తక్కువ రేటు డాక్టరేట్ వారికి వర్తించదు, బడ్జెట్‌లో ఇది మరిచిపోతారు.

సొంత ఖర్చుతో వెళ్తే బ్లాక్డ్ ఖాతాలో, అంటే నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగల ఖాతాలో, డబ్బు చూపాలి. 2024 సెప్టెంబర్ నుంచి లెక్క నెలకు 992 యూరోలు, ఏడాదికి 11,904. జర్మన్ విద్యా మార్పిడి సంస్థ ‘డాడ్’ ఇచ్చే స్కాలర్‌షిప్‌కు చివరి డిగ్రీ అయ్యి సాధారణంగా ఆరేళ్లు దాటకూడదు, జర్మనీలో 15 నెలలకు మించి ఉండి ఉండకూడదు. యూనివర్సిటీ ఉద్యోగమైతే ఇ13 వేతన శ్రేణిలో ఇస్తారు, సాహిత్య విభాగాల్లో సగం లేదా 65 శాతం పోస్టులే ఎక్కువ. వీసాకు అడ్మిషన్ పత్రం, గైడ్ ఉత్తరం రెండూ పెట్టండి. ఉద్యోగమా, చదువా అన్నదాన్ని బట్టి వర్గం మారుతుంది.

ఇక్కడే చేయాలనుకుంటే హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ, ఢిల్లీలో జేఎన్‌యూ ఉన్నాయి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మాస్టర్స్‌లో 55 శాతం కావాలి, రిజర్వుడ్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు.

చివరి మెట్లు

గ్రంథం సమర్పించేటప్పుడు ఇది నా సొంత పని అని ప్రమాణపూర్వక ప్రకటన ఇవ్వాలి. ఇది లాంఛనం కాదు. గ్రంథచౌర్యం బయటపడితే ఏళ్ల తర్వాతైనా పట్టా వెనక్కి తీసుకుంటారు. 2011లో జర్మనీ రక్షణ మంత్రి డాక్టరేట్ కోల్పోయి పదవికి రాజీనామా చేశారు. చదివే మొదటి రోజు నుంచే ప్రతి నోట్సు పక్కన పేజీ నంబర్ రాసుకోవాలి. సాధారణంగా ఇద్దరు పరీక్షకులు నివేదికలు ఇస్తారు, తర్వాత మౌఖిక పరీక్ష ‘డిస్పుటాత్సియోన్’. గ్రేడులు పైనుంచి కిందికి సుమ్మా కుం లౌదె, మాగ్నా కుం లౌదె, కుం లౌదె, రీటె.

మౌఖిక పరీక్ష పాసైన సాయంత్రమే పేరు ముందు ‘డాక్టర్’ రాసుకోకూడదు. గ్రంథాన్ని ప్రచురించి, నిర్ణీత ప్రతులు లైబ్రరీకి ఇచ్చి, పట్టా చేతికి వచ్చాకే ఆ హక్కు. అంతకుముందే వాడితే జర్మన్ శిక్షాస్మృతి 132ఎ సెక్షన్ కింద నేరం. ప్రచురణకు సాధారణంగా ఒకటి రెండేళ్ల గడువిస్తారు. ప్రచురణకర్త ద్వారా పుస్తకంగా వేయాలంటే అచ్చు ఖర్చు కింద కొన్ని వేల యూరోలు రచయితే కట్టాల్సి రావచ్చు. యూనివర్సిటీ లైబ్రరీ సర్వర్‌లో ఉచితంగా పెట్టినా నియమం తీరుతుంది. ఏ దారి అన్నది గైడ్‌తో సమర్పణకు ముందే మాట్లాడుకోండి.